నగరి అక్క స్టీరింగు

ఆమె పోయిందన్న కబురు నాకు చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. పూతలపట్టు కూడలిలో నా షెడ్డు ముందు బండి ఆపి, రేడియేటర్లో నీళ్లు పోసుకుంటూ, మాటల మధ్యలో మాటగా, "నగరి వ్యానక్క పొయ్యిందంట కదా మేస్త్రీ, నీకు తెల్దా?" అన్నాడు. అప్పటికే పదహారు రోజులయిందట.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అంతకు నెల ముందే ఆమె షెడ్డుకు వచ్చి, "ముందర యాడో కిర్రుమంటాండాది, సూడు" అంది. నేను లోపలికి వెళ్లి జాకీ తెచ్చేలోపే, "అంగళ్లు మూసేస్తారు, మళ్లా వస్తాలే" అని బండెక్కి వెళ్లిపోయింది. ఆ చప్పుడు ఎక్కడిదో, అసలు ఉందో లేదో, నాకు తెలియనే లేదు. పదేళ్లపాటు ఆమె నన్ను ఇలాగే సతాయించింది. నేను చేసిన ఏ పనినీ ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. ఎలా ఉందక్కా బండి అని అడిగితే "పోతాండాది" అనేది. అంతే. బాగుందన్న ఒక్క మాటకోసం నేను ఎన్నిసార్లు గ్రీజు పూసుకున్నానో నాకే తెలుసు.

ఆమె పేరు నాకు తెలుసు గానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా దారిలో అందరికీ ఆమె నగరి అక్క, లేదా వ్యానక్క. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్లు సైకిలు తొక్కడమే అరుదు. ఈమె నలభై అయిదేళ్ల వయసులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా పికప్ వ్యానును నడుపుకుంటూ తిరిగేది. సైన్యం వేలం వేసిన బండ్లలో అదొకటి. చేతులు మారి మారి చివరికి నగరిలో మరమగ్గాలు నడిపే ఆమె భర్త దగ్గరికి చేరింది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక చెక్క తొట్టి. ఆ తొట్టిలో లుంగీలు, తువ్వాళ్ల మూటలు. వారానికి ఒకసారి నగరిలో బయలుదేరి తిరుపతి అంగళ్లలో సగం దించి, మా కూడలి మీదుగా చిత్తూరు పోయి మిగతా సగం దించేది.

భర్తకు సందకాడ చూపు ఆనేది కాదట. అందుకని పొద్దు వాలాక ఇంటికి తోలుకురావడానికి ఆమెకు బండి నేర్పించాడు. ఆయన పోయిన మూడో రోజు మరిది వచ్చి బండి తాళం అడిగితే, అది అప్పటికే ఆమె కొంగుకు ముడివేసి ఉంది. ఈ సంగతి ఆమె చెప్పలేదు, నగరి వాళ్లు చెప్పుకునేవారు. ఆమె మాత్రం ఆ తాళాన్ని ఎప్పుడూ కొంగునుంచి విప్పేది కాదు. కొంగుతో సహా తాళం దూర్చి బండి స్టార్ట్ చేసేది. నడిపినంతసేపూ కొంగు తాళానికి వేలాడుతూనే ఉండేది.

చెప్పులు విప్పి సీటు కింద పెట్టి ఒట్టి కాళ్లతో నడిపేది. దారి కనపడటానికి కింద ఒక లుంగీల కట్ట వేసుకుని కూర్చునేది. హారన్ కొట్టేది కాదు. కుడిచెయ్యి కిటికీలోంచి బయట పెట్టి తలుపు రేకు మీద అరచేత్తో దబదబా బాదేది. హారన్ చెడిపోయిందేమో అనుకుని నేనొకసారి అడక్కుండానే బాగుచేసి పెట్టాను. ఆమె దాన్ని ఒకసారి నొక్కి చూసి, "ఇది ఊరోళ్లందర్నీ పిలుస్తాది. నాకు అడ్డమొచ్చినోడు ఒక్కడు ఇంటే సాలు" అని మళ్లీ రేకు మీదే బాదుకుంటూ వెళ్లింది.

అన్నిటికంటే నన్ను విసిగించింది ఆమె స్టీరింగు పట్టుకునే తీరు. జల్లెడ పట్టినట్టు పట్టేది. తిన్నటి దారిలో కూడా చక్రాన్ని అటూ ఇటూ, అటూ ఇటూ, ఒక్క క్షణం ఆపకుండా ఊపుతూనే ఉండేది. తప్పు ఆమెది కాదు. ఆ బండి స్టీరింగులో అంత లూజు ఉంది. పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలకు కబురందేది కాదు. ముందు చక్రాలు రెండూ ఒక్కో లావాటి ఇనుప పిన్ను చుట్టూ తిరుగుతాయి. దాన్ని కింగ్ పిన్ను అంటాం. ఆ పిన్ను చుట్టూ బుష్షులని ఇత్తడి గొట్టాలుంటాయి. ఆ బండిలో అవి అరిగి అరిగి రేకుల్లా అయిపోయాయి. రెండు చక్రాలనూ కలిపి తిప్పే అడ్డ కడ్డీ టై రాడ్డు. దాని కొసల్లోని కీళ్లు ఊగిపోతున్నాయి. ముందు టైర్లు ఒకవైపే గోకినట్టు అరిగిపోయేవి. ఏడాదిపాటు ప్రతివారం చెప్పాను.

"అక్కా, ఇది నడిపే బండి కాదు. మార్చాల."

"పోతాండాది కదప్పా."

"పోతాండాది సరే. ఒగనాడు పోకుండా నిలబడిపోతాది, లేకుంటే నువ్వు పొమ్మనే తావుకు పోదు."

ఆమె నా మొహం కేసి కాకుండా దూరంగా కొండల కేసి చూసేది. ఇష్టంలేని మాట ఎవరు చెప్పినా ఆమె అలా కొండల కేసి చూస్తుంది. సంభాషణ అయిపోయినట్టే.

నేను చెప్పిన ఆ రోజు నా షెడ్డు ముందే వచ్చింది. బండి వెనక్కి తీస్తుంటే టై రాడ్డు కీలు ఊడి కిందపడింది. చూస్తే ఒక చక్రం చిత్తూరు వైపు, ఇంకొకటి తిరుపతి వైపు తిరిగి ఉన్నాయి. నేను భయంతో నిలబడిపోయాను. ఆమె దిగి, వంగి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తాడుతో కట్టెయ్యి, సిత్తూరు దాకా పోయొస్తా" అంది.

ఆ రోజు నేను ఆమెమీద అరిచాను. అరిచి, బండిని నలుగురితో లోపలికి తోయించి, ముందు భాగం జాకీల మీద లేపేశాను. ఆమె అడ్డం చెప్పలేదు. మూటల్ని వేరే బండిలో పంపించేసి, చిత్తూరులో చిన్నాయన కూతురి ఇంట్లో దిగి, రోజూ పొద్దున మొదటి బస్సుకు షెడ్డుకు వచ్చి కూర్చునేది. ఒక తువ్వాలు పక్కన పరిచి పెట్టుకునేది. నేను విప్పిన ప్రతి పాత సామానునూ తుడిచి అందులో పెట్టేది.

"అవి పనికిరావక్కా, పారేసేటివి."

"ఉండనీ. నా బండివి కదా."

ఎడమవైపు పిన్ను పూటలో వచ్చింది. కుడివైపుది మూడు రోజులు రాలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టాను. గ్యాసుతో ఎర్రగా కాల్చాను. పెద్ద సుత్తితో కొట్టి కొట్టి నా భుజం వాచింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా ఆమె కళ్లు గట్టిగా మూసుకునేది. రెండో రోజు సాయంత్రం నేను సుత్తి పడేసి కూలబడితే, "అది రానంటాంటే ఏమిటికప్పా అట్ల కొడ్తావు?" అంది. నాకు ఆ క్షణంలో ఆ పిన్ను కంటే ఆమెమీదే ఎక్కువ కోపం వచ్చింది.

అంత పాత బండికి సామాన్లు ఎక్కడా దొరకవు. చిత్తూరులో లేత్ పట్టించి పిన్నులు తీయించాను, బుష్షులు పోయించాను. పిన్ను అందులో వేలితో తోస్తే దిగాలి, కానీ ఊగకూడదు. దానికోసం బుష్షుల్ని లోపల వెంట్రుకవాసి చొప్పున చెక్కుతూ ఒక రోజంతా గడిపాను. టై రాడ్డు కీళ్లు వేరే బండివి తెచ్చి సరిపెట్టాను. చివరికి స్టీరింగు చక్రాన్ని చిటికెనవేలితో తాకితే ముందు చక్రాలు పలికాయి. నా చేతులతో నేను చేసిన పనుల్లో అంత చక్కటి పని అంతకుముందు లేదు. షెడ్డు ముందు నలుగురు డ్రైవర్లు నిలబడి చూశారు. ఒకడు ఈలవేశాడు కూడా.

ఆమె లుంగీల కట్ట సర్దుకుని కూర్చుంది. చెప్పులు సీటు కింద పెట్టింది. బండి రోడ్డెక్కింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను.

నలభై గజాలు కూడా పోలేదు. ఆమె చేతులు అలవాటుగా జల్లెడ పట్టాయి. ఇదివరకు ఆ ఊపంతా లూజులోనే ఖర్చయిపోయేది. ఇప్పుడు ఊపిన ప్రతిసారీ బండి మాట విన్నది. కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి పాములాగా మెలికలు తిరిగి, రోడ్డు దిగి, ఎదురుగా ఉన్న చెనక్కాయల చేలో దూరి, గట్టుకు ముక్కు ఆనించి ఆగింది. చేను గలాయన కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చాడు.

ఆమె దిగింది. ఆ కేకలేమీ పట్టించుకోకుండా చేను దాటి, రోడ్డు దాటి, నేరుగా నా దగ్గరికి వచ్చి తువ్వాలు మూట నా ముందు పెట్టింది.

"పాతవి పెట్టు."

"అక్కా, బండిలో తప్పు లేదు."

"బండిలో తప్పు లేకుంటే నేను సేన్లోకి ఎట్ల పొయినాను? పదేండ్లుగా నడుపుతాండా. ఒగనాడన్నా రోడ్డు దిగినానా? నువ్వు బాగుసేసినాక దిగినా. పెట్టు పాతవి."

నాకు ఉన్నదల్లా నేను చేసింది సరైన పని అన్న మొండితనం. పెట్టనన్నాను. ఆమె బల్ల మీద కూర్చుని కొండల కేసి చూడసాగింది. మధ్యాహ్నమైంది. చేను గలాయన కూడా అరిచి అరిచి అలసిపోయి మాతోపాటే కూర్చుని టీ తాగాడు. ఆఖరికి నేనే తగ్గాను.

"పాతవి పెట్టేది లేదు గానీ, మళ్లా నేర్పిస్తా రా."

నాలుగు రోజులు, పొద్దున్నే, పాకాల వైపు ఖాళీ రోడ్డు మీద ఆమె పక్కన కూర్చున్నాను. పదేళ్లు నడిపిన మనిషికి నేర్పడం కంటే ఏమీ రాని మనిషికి నేర్పడం సులువు. ఊపొద్దు అంటే ఊపనంటుంది. మాట పూర్తికాకముందే చేతులు ఊగుతాయి. నేను డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుని అరిచేవాణ్ణి.

"రెండు వేళ్లతో పట్టుకో అక్కా, సాలు."

"రెండు వేళ్లతో పట్టుకునేకి ఇదేమన్నా పూలదండా?"

"అది పోతాది, నువ్వు గమ్మునుండు. దాని పాటికి దాన్ని పోనీ."

నాలుగో రోజు చేతులు ఆగాయి. రెండు మైళ్లు తిన్నగా, నూలు పట్టినట్టు పోయింది బండి. ఆమె ఏమంటుందా అని నేను కాచుకుని ఉన్నాను. రెండో మైలురాయి దాటాక అంది, "దీంట్లో నాకేం పని లేదే." నేనది మెచ్చుకోలే అనుకుని పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఫిర్యాదేనని అనిపిస్తుంది.

రెండేళ్లు ఏ గొడవా లేకుండా గడిచాయి. అంటే ఆమె లెక్కలో గొడవ లేకుండా అని. క్లచ్చు అరుస్తోందని, బ్రేకు పెడలు తన కాలిని తోస్తోందని, ఏదో ఒకటి ఉండేది. ఆ తరువాత కొత్తది మొదలైంది.

"ఎడం పక్కకు లాగతాండాది, మేస్త్రీ."

టైర్లలో గాలి చూశాను. సరిగ్గానే ఉంది. నడిపి చూశాను, లాగలేదు. పంపించాను. మళ్లీ వారం వచ్చి అదే మాట. ముందు టైర్లు అటుది ఇటు మార్చాను. ఆ పై వారం అదే మాట. దారం కట్టి చక్రాల వరస కొలిచాను. స్ప్రింగు పట్టీలు విప్పి చూశాను. నా బుష్షులు, నా పిన్నులు, నేను పెట్టిన కీళ్లు పెట్టినట్టే ఉన్నాయి. వెంట్రుకంత కదలిక లేదు. ప్రతిసారీ నేను నడిపితే తిన్నగా పోతుంది. ఆమె నడిపితే ఎడమకు లాగుతుంది. వారంలో ఆమె వచ్చే రోజు వస్తోందంటేనే పొద్దున్నుంచి నేను స్పానర్లు విసిరేసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆమె తలుపు రేకు మీద బాదడం మానేసి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లకు నా మాట విన్నది గదా అని నేను సంతోషించాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

అయిదోసారి వచ్చినప్పుడు షెడ్డులో రెండు లారీల పని ఉంది, ఎండ మండిపోతోంది. ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టి పాకాల రోడ్డు మీద నేనే నడిపాను. నడుస్తున్న బండిలో స్టీరింగు మీదనుంచి రెండు చేతులూ ఎత్తేశాను. బండి తాడు కట్టినట్టు తిన్నగా పోయింది.

"సూసినావా? యాడ లాగతాండాది?"

సీట్లు మారాం. ఆమె నడిపింది. ఎడమకు, ఇంకా ఎడమకు, చక్రం మట్టిలోకి దిగేదాకా పోయింది.

నేను పట్టలేకపోయాను. "బండిలో ఏమీ లేదక్కా. ఉండేదంతా నీలోనే ఉండాది. నీ సేతుల్లో ఉండాది. నేనేం పీకి మార్చేది, నీ సేతులు మార్చాల్నా?" అన్నాను.

ఆమె నన్ను ఒక్కసారి చూసింది. ఈసారి కొండల కేసి కాదు, నా మొహంలోకి. నన్ను షెడ్డు దగ్గర దించి వెళ్లిపోయింది.

తరువాత రెండు నెలలు ఆ బండి మా కూడలిలో కనపడలేదు. మొదట్లో హాయిగా ఉందనుకున్నాను. ఆ తరువాత ఆమె వచ్చే రోజైతే పని మధ్యలో రోడ్డు కేసి చూడటం అలవాటైంది. నగరి నుంచి వచ్చిన టైర్ల వ్యాపారి ఒకాయన చెప్పాడు. వ్యానక్క ఇంటి ముందు బండిని రాళ్ల మీదికి ఎత్తించి ముందు చక్రాలు విప్పించింది, మగ్గాల ఫిట్టరు చేత ఏదో పని చేయిస్తోంది అని.

మర్నాడు షెడ్డు మూసి తిరుపతి బస్సెక్కి, అక్కణ్ణుంచి పుత్తూరు మీదుగా నగరి పోయాను. దారంతా నాలో నేనే తిట్టుకున్నాను. నా పనిని మగ్గాల ఫిట్టరు విప్పడమేమిటి?

వీధి మొదలు నుంచే మగ్గాల చప్పుడు. మామూలు గొంతుతో మాట్లాడితే వినపడదు. ఆమె ఇంటి పక్క సందులో బండి ఉంది. నాలుగు బండరాళ్ల మీద ముందు భాగం నిలబెట్టి ఉంది. టై రాడ్డు ఊడదీసి గోడకు ఆనించారు. ఫిట్టరు అన్నానికి పోయినట్టున్నాడు. బండి కింద ఆమె ఒక్కతే పడుకుని, ఎడమచేత్తో స్పానరు పట్టుకుని, పాత కీలును బిగించడానికి తంటాలు పడుతోంది. పక్కన తువ్వాలు పరిచి ఉంది. నేను విప్పేసిన ఆ అరిగిన పాత సామాన్లన్నీ అందులో తళతళా మెరుస్తున్నాయి. రెండేళ్లుగా నూనె రాసి దాచింది.

"అక్కా! బయటికి రా! రాయి జారితే బండి నీమీద పడ్తాది. మతుండే సేస్తాండావా?"

ఆమె మెల్లగా బయటికి జరిగింది. లేవడానికి ఎడమచెయ్యి ఒక్కటే ఆనించింది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. భుజానికి, ఎముక విరిగినవాళ్లకు కట్టే పుత్తూరు కట్టు.

నేను చూస్తున్నది చూసి తనే అంది. "ఎముక కాదంట. పుత్తూరులో సూసి సెప్పినారు. ఊరికే పోయొస్తే బాగుండదని కట్టు కట్టించుకున్న్యా. ఒగనాడు నిద్ర లేస్తే సెయ్యి సగం సచ్చినట్టుండాది. నాలుగు నెలలైంది."

"నాలుగు నెలలా? నాకేమిటికి సెప్పలా?"

"సెప్తే నువ్వు బండి ఇయ్యవు కదా."

నేను ఆ రాళ్ల పక్కనే కూర్చుండిపోయాను. లాగింది బండి కాదు. కుడిచేతికి పట్టులేక ఎడమచేతి బరువంతా చక్రం మీద పడుతోంది. బండి ఎడమకు పోతోంది. అయిదు వారాలు నేను దారాలు కట్టి కొలిచింది ఆ చెయ్యినే. తలుపు రేకు మీద బాదడానికి ఆ చెయ్యి లేవక ఆమె హారన్ కొడుతుంటే, నేను సంతోషించాను.

"ఈ పాతవి ఏమిటికి పెడ్తాండావు మళ్లా?"

"నీ బిగువు నేను తిప్పలేనప్పా. ఊపిరి తియ్యనియ్యదు. పాతదాంట్లో పావు సుట్టు ఉత్తగా తిరిగేది. ఆ పావు సుట్టులో సెయ్యి రవ్వంత ఊరట పడేది."

లోపల మగ్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "మా మరిదికి ఇంగా తెలీదు. తెలిస్తే బండి ఆయప్ప తీసుకుంటాడు. బండి పోతే అంగళ్లకు పోయేది పోతాది. నేను మళ్లా వాకిట్లో కూసోని మగ్గాలకు నూలు కండెలు సుట్టుకోవాల. పద్నాలుగేండ్లప్పుడు కూసున్న్యా ఆడ. మళ్లా ఆడికే పోలేను."

ఆమె అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నిజం చెప్పాలంటే నాకు ఇంకా కోపంగానే ఉంది. ఎవరిమీదో తెలియని కోపం. కుడి అరచేత్తో నా అరచేతిని తోయమన్నాను. తోసింది. చంటిపిల్ల తోసినట్టుంది. అలాంటి చేత్తో బండి నడపనివ్వకూడదు. అది నాకు తెలుసు. పాత సామాన్లు పెట్టడం ఇంకా పెద్ద పాపం. అదీ తెలుసు. బండి లాక్కుంటే ఏమవుతుందో ఆమె ఇప్పుడే చెప్పింది.

నా సామాన్లు మళ్లీ నేనే బిగించాను. అన్నం తిని వచ్చిన ఫిట్టరు నాకు స్పానర్లు అందించాడు. బండిని నేనే నడుపుకుంటూ పూతలపట్టు తెచ్చాను. ఆమె పక్క సీట్లో తువ్వాలు మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారిలో ఒక్క మాటే అంది. "నువ్వు గుంతల్లో నడుపుతావే, పక్కన దోవుండంగా."

పది రోజులు ఆ బండి నా షెడ్డులోనే ఉంది. పిన్నుల కింద బరువు మోసే బేరింగులు కొత్తవి వేశాను. ముందు టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టాను. తిప్పడానికి కొంత తేలికైంది గానీ చాలలేదు. ఒకరోజు ఎదురుగా ఆగిన లారీలో డ్రైవరు ఒంటిచేత్తో, బీడీ కాలుస్తూ స్టీరింగు తిప్పుతుంటే చూశాను. లారీ స్టీరింగు చక్రం తాంబాళమంత పెద్దది. చక్రం ఎంత పెద్దదైతే బలం అంత తక్కువ చాలు. రోజూ చూసే విషయమే. నా బుర్రకు పది రోజులు పట్టింది.

చిత్తూరులో పాత సామాన్ల అంగట్లో విరిగిన లారీ ఒకదాని స్టీరింగు చక్రం తెచ్చాను. దాని నడుమ భాగం కోసేసి, ఆమె బండి చక్రం నడుమ భాగాన్ని తెచ్చి వెల్డింగు పెట్టాను. ఆ బుల్లి క్యాబినులో అది ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను. చిన్న వాకిట్లో గానుగ పెట్టినట్టు, లోపలంతా అదే నిండిపోయింది.

ఆమె చూసి, "ఇది ఎవురి బండిది?" అంది.

"లారీది."

"నాది లారీనా?"

"ఎక్కి తిప్పక్కా. ఊరికే మాట్లాడద్దు."

చెనక్కాయలు పెరికేసిన ఖాళీ చేలో బండి దింపించాను. చేను గలాయన ఈసారి తనే వచ్చి గట్టు మీద నిలబడి చూశాడు. ఆమెతో గంటసేపు అష్టవంకర్లు తిప్పించాను. నడుస్తున్న బండికి అడ్డంగా నేనే దూకి, కుడికి కోసి తిప్పమని అరిచాను. మొదటిసారి నన్ను తగిలేంత దగ్గరికి వచ్చింది. మూడోసారి నుంచి చక్కగా కోసింది. ఎడమచేత్తో లాగుతూ, కుడిచేతిని చక్రం మీద ఆనించి ఉంచింది. చీకటి పడకముందే ఇల్లు చేరాలని, సగం మూటలే వెయ్యాలని, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోవాలని మూడు షరతులు పెట్టాను. అన్నిటికీ కొండల కేసి చూసింది. మొదటి రెండూ పాటించిందని తరువాత తెలిసింది. ఆ చక్రంతో ఆమె చాలా ఏళ్లు తిరిగింది, ఎవరినీ గుద్దలేదు. అయినా ఆ రోజు నేను చేసింది సరైన పనో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఏదైనా జరిగి ఉంటే ఆ పాపం నాదే అయ్యేది.

ఆ సాయంత్రం బండి రోడ్డెక్కింది. రాత్రికి చిన్నాయన కూతురి ఇంట్లో దిగుతానని చిత్తూరు వైపు తిరిగింది. నేను ఎడమ చక్రం కేసే చూస్తూ నిలబడ్డాను. తారు అంచుకు జానెడు ఇవతల, ఆ జానెడు తగ్గకుండా, పెరగకుండా పోయింది. మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నేను చేతులు తుడుచుకుని లోపలికి పోబోతుంటే హారన్ వినిపించింది. బండి తిరిగి వస్తోంది.

నడిరోడ్డు మీదే ఆపింది. వెనక చిత్తూరు బస్సు ఆగిపోయి హారన్ మోగిస్తోంది. నేను పరిగెత్తాను. ఏం లాగుతోందో, ఏం ఊడిందో అని ముందు చక్రాల కేసి వంగి చూశాను. లోలోపల ఎక్కడో, ఒక మంచి మాట చెప్పడానికే వెనక్కి వచ్చిందేమోనన్న ఆశ కూడా ఉంది.

"ఏమక్కా? ఏమైంది?"

ఆమె ఆ పెద్ద చక్రం వెనకనుంచి నన్ను చూసింది. "కడుపుకు తగలతాండాది. సీటు అరంగుళం వెనక్కి జరుపు."

"దిగు, జరుపుతా."

"దిగితే మళ్లా ఎక్కేకి సెయ్యి రాదు. ఇట్లనే జరుపు."

బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తిడుతున్నాడు. నేను షెడ్డులోకి పోయి స్పానరు తెచ్చి, తలుపు తీసి, రోడ్డు మీద మోకాళ్లేసి, ఆమె చెప్పులు పక్కకు జరిపి సీటు బోల్టులు వదులు చేయసాగాను.